ఎవరి సొత్తూ కాని చల్లదనం

1992 జులై. తూర్పు జర్మనీ అనే దేశం పటంలోంచి తొలగిపోయి రెండేళ్లు కూడా కాలేదు. సాక్సనీ కొండల్లో, చోపావు నది ఒడ్డున ఉన్న షార్ఫెన్‌స్టైన్ ఊరి పేరుతో నడుస్తున్న ఫ్రిజ్‌ల కంపెనీ మూతపడడానికి సిద్ధంగా ఉంది. సోషలిస్టు పాలనలో తూర్పు జర్మనీ ఇళ్లకు ఫ్రిజ్‌లు సరఫరా చేసిన సంస్థ అది. వేలమందికి అదే అన్నం పెట్టింది. రెండు జర్మనీలు ఒకటయ్యాక పడమటి కంపెనీల సరుకు ముందు నిలబడలేకపోయింది. పాత ప్రభుత్వ సంస్థలను అమ్మడమో మూసేయడమో చేయడానికి ఏర్పడిన ట్రాయ్‌హాండ్ సంస్థ, దీన్ని మూసేయాలనే నిర్ణయానికి వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఆ కంపెనీ పాత్రికేయులను పిలిచింది. పక్కన గ్రీన్‌పీస్ పర్యావరణ ఉద్యమకారులున్నారు. సమావేశం జరగకుండా ఆపాలని ట్రాయ్‌హాండ్ ప్రయత్నించినా అది ఆగలేదు. ఓజోన్ పొరకు హాని చేయని, భూమిని వేడెక్కించని ఇంటి ఫ్రిజ్ తయారుచేశామని ఆ రోజు ప్రకటించారు. అందులో తిరిగే వాయువు ఏ రసాయన కంపెనీ కనిపెట్టిన కొత్త పదార్థమో కాదు. సగం ప్రొపేన్, సగం బ్యూటేన్ జాతి వాయువు. మన వంటగ్యాస్ సిలిండర్‌లో ఉండేవీ ఈ కుటుంబపు వాయువులే.

ఈ రోజు ప్రపంచంలో కొత్తగా తయారవుతున్న ఇంటి ఫ్రిజ్‌లలో అధికభాగం ఆ దారిలోనే నడుస్తున్నాయి. ఆ దారి వేసిన కర్మాగారం మాత్రం నిలవలేదు. అసలు ఆ వాయువును అంతకు అరవై ఏళ్ల ముందే మనిషి ఎరుగును. ఎరిగి కూడా ఎందుకు వదిలేశాడు, మళ్లీ ఎలా చేరదీశాడు అన్నదే ఈ కథ.

విషవాయువుల కాలం

ఫ్రిజ్ చేసే పని సూత్రరీత్యా చాలా తేలిక. త్వరగా ఆవిరయ్యే ద్రవాన్ని పెట్టె లోపలి గొట్టాల్లో ఆవిరి కానిస్తే, అది చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ నొక్కి వెనకవైపు గొట్టాల్లోకి నెడితే, వేడిని బయటకు వదిలి మళ్లీ ద్రవమవుతుంది. ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది. చిక్కంతా ఆ ద్రవం ఏదన్న దగ్గరే.

తొలితరం ఇంటి ఫ్రిజ్‌లు సల్ఫర్ డయాక్సైడ్‌తోనో, మిథైల్ క్లోరైడ్‌తోనో నడిచేవి. మొదటిది ఊపిరితిత్తులను కాల్చేది. రెండోది పెద్దగా వాసన లేకుండానే ప్రాణం తీసేది. అప్పటి యంత్రాల్లో మోటారు విడిగా, కంప్రెసర్ విడిగా ఉండేవి. తిరిగే ఇరుసు బయటకు వచ్చే చోట సీలు అరిగి వాయువు కారేది. 1920లలో ఇలాంటి లీకుల వల్ల నిద్రలోనే మనుషులు చనిపోయారు. బెర్లిన్‌లో ఒక కుటుంబం ఇలా బలైందన్న వార్త చదివి ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ కలత చెందాడని చెబుతారు. యువ శాస్త్రవేత్త లియో జిలార్డ్‌తో కలిసి ఆయన, కదిలే భాగాలే లేని ఫ్రిజ్‌ను రూపొందించాడు. 1930లో వారికి అమెరికా పేటెంట్ కూడా వచ్చింది. ఆ నమూనాలో చల్లదనాన్ని పుట్టించే పదార్థం బ్యూటేన్.

బ్యూటేన్ మీద కన్ను పడింది ఐన్‌స్టీన్‌కు ఒక్కడికే కాదు. ఆ దశాబ్దంలో ఐసోబ్యూటేన్‌తో నడిచే చిన్న ఫ్రిజ్‌లు ఉండేవి. ప్రొపేన్ కూడా ఈ పనికి వాడుకలో ఉంది. ఇవి పీల్చితే వెంటనే చంపే విషాలు కావు, లోహాన్ని తినవు, చవక. ఉన్న దోషం ఒక్కటే, అంటుకుంటాయి. లీకయ్యే యంత్రాల కాలంలో అది చిన్న దోషం కాదు.

మిడ్జ్‌లీ ఊదిన కొవ్వొత్తి

1928లో అమెరికాలోని జనరల్ మోటార్స్ తన ఫ్రిజిడేర్ విభాగం కోసం, విషం కానిది, మండనిది అయిన వాయువును కనిపెట్టే బాధ్యతను థామస్ మిడ్జ్‌లీకి అప్పగించింది. మిడ్జ్‌లీ, ఆయన సహచరుడు ఆల్బర్ట్ హెన్నీ మూలకాల పట్టికను ముందు పెట్టుకుని వెతికి, కార్బన్‌కు క్లోరిన్, ఫ్లోరిన్ కలిపిన సమ్మేళనాల (సీఎఫ్‌సీల) దగ్గర ఆగారు. అలా వచ్చిందే డైక్లోరో డైఫ్లోరో మీథేన్. ఫ్రిజ్ మెకానిక్‌లు తర్వాత దశాబ్దాల పాటు ఆర్-12 అని పిలిచిన వాయువు ఇదే. 1930లో అమెరికన్ కెమికల్ సొసైటీ సభలో మిడ్జ్‌లీ ఆ వాయువును గుండెల నిండా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీదకు వదిలాడు. కొవ్వొత్తి ఆరిపోయింది, ఆయనకేమీ కాలేదు. విషమూ కాదు, మండదూ అని ఒక్క ఊపిరితో రుజువు చేశాడు.

అదే ఏడాది డ్యూపాంట్‌తో కలిసి జనరల్ మోటార్స్ దాన్ని ఫ్రియాన్ పేరుతో తయారుచేయడం మొదలుపెట్టింది. ఇంటి ఫ్రిజ్ భయం లేని వస్తువైంది. ఆ మేలును తక్కువ చేసి చెప్పకూడదు. ఆర్-12 వల్ల ఎన్నో ఇళ్లలోకి చల్లని నీళ్లు, పాడవని పాలు, చెడిపోని మందులు వచ్చాయి. దాని వెలుగులో ప్రొపేన్, ఐసోబ్యూటేన్ పక్కకు పోయాయి.

అయితే ఆ వాయువు గొప్పతనమే దాని శాపం. ఏ పదార్థంతోనూ కలవనిది, దేనికీ విరగనిది కాబట్టే భద్రమైంది. గాల్లోకి పోయినా అంతే, విరగకుండా వందేళ్ల దాకా ఉంటుంది. మెల్లగా పైకి, స్ట్రాటోస్ఫియర్‌లోకి చేరుతుంది. అక్కడి అతినీలలోహిత కిరణాల దెబ్బకు చివరికి విరిగి క్లోరిన్ పరమాణువును వదులుతుంది. ఒక్కో క్లోరిన్ పరమాణువు వేల ఓజోన్ అణువులను నాశనం చేస్తుంది. 1974లో మారియో మొలీనా, షేర్వుడ్ రోలాండ్ ‘నేచర్’ పత్రికలో ఈ సంగతి రాసినప్పుడు పరిశ్రమ ఒప్పుకోలేదు. 1985లో జో ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ అంటార్కిటికాలోని హాలీ బే కేంద్రం నుంచి తీసిన లెక్కలతో ఓజోన్ పొర ప్రతి వసంతంలో దారుణంగా పలచబడుతోందని చూపించారు. 1987 సెప్టెంబరు 16న కెనడాలోని మాంట్రియల్‌లో, ఓజోన్‌ను పాడుచేసే ఇలాంటి వాయువులను అరికట్టే ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. మొలీనా, రోలాండ్‌లకు, పాల్ క్రుట్సెన్‌కు 1995లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

డాక్టర్ల ఫ్రిజ్

ఆర్-12 పోవాలి సరే, దాని స్థానంలో ఏది? రసాయన కంపెనీలు హెచ్‌ఎఫ్‌సీ-134ఎ అనే కొత్త వాయువును ముందుకు తెచ్చాయి. అందులో క్లోరిన్ లేదు కాబట్టి ఓజోన్‌కు హాని లేదు. కానీ వందేళ్ల లెక్కన భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 1,400 రెట్లు. ఆర్-12 అయితే 10,000 రెట్లకు పైనే కాబట్టి, పోల్చి చూస్తే ఇది మెరుగే. పైగా ఇందులో పేటెంట్లు ఉన్నాయి, కొత్త ప్లాంట్లు ఉన్నాయి, లాభం ఉంది. ప్రొపేన్‌ను, బ్యూటేన్‌ను ఏ కంపెనీ తన సొత్తు అనగలదు? ఎవరికీ పేటెంట్ దక్కని పదార్థం తరఫున వాదించే కంపెనీ కూడా ఉండదు. ఆ వాయువులు అన్నేళ్లు మూల పడి ఉండడానికి మంటల భయం ఎంత కారణమో ఇదీ అంతే కారణమని నా అభిప్రాయం.

వాటి తరఫున మాట్లాడిన మొదటివాళ్లలో ఫ్రిజ్ ఇంజినీర్లు కాక, ప్రజారోగ్యం చూసేవాళ్లు ఉండడం విశేషం. జర్మనీలోని డోర్ట్‌మండ్ హైజీన్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన హన్స్ ప్రైజెన్‌డాంట్స్, హారీ రోజిన్ ప్రొపేన్, బ్యూటేన్ మిశ్రమంతో ఫ్రిజ్‌ను నడిపి చూశారు. అది చక్కగా పనిచేసింది. కానీ పేరున్న తయారీదారులెవరూ దాన్ని పట్టించుకోలేదు. గ్రీన్‌పీస్‌కు చెందిన వోల్ఫ్‌గాంగ్ లోబెక్ ఈ డాక్టర్లనూ, మూతపడబోతున్న షార్ఫెన్‌స్టైన్ కంపెనీనీ కలిపాడు. గ్రీన్‌పీస్ 10 నమూనా ఫ్రిజ్‌లు చేయమని ఆర్డరిచ్చి డబ్బు కట్టింది.

మిశ్రమం ఎందుకు కావలసి వచ్చిందో తెలుసుకుంటే ఆ ఆలోచనలోని తెలివి అర్థమవుతుంది. ఆర్-12 మరిగేది దాదాపు మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ వద్ద. ప్రొపేన్ మైనస్ 42 వద్దే మరుగుతుంది, అంటే దాని పీడనం మరీ ఎక్కువ. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా మరగదు, దాని పీడనం మరీ తక్కువ. రెండింటినీ సగం సగం కలిపితే పీడనం ఆర్-12కు దగ్గరగా వస్తుంది. అంటే అదే కంప్రెసర్, అదే రాగి గొట్టం, అదే మినరల్ ఆయిల్ సరిపోతాయి. చేతిలో డబ్బులేని కర్మాగారానికి కొత్త యంత్రాలు కొనే పని లేకుండా పోయింది. హెచ్‌ఎఫ్‌సీ-134ఎ అలా కాదు. దానికి వేరే నూనె కావాలి. ఆ నూనె గాల్లోని చెమ్మను ఇట్టే పీల్చుకుంటుంది కాబట్టి పనిలో అదనపు జాగ్రత్తలు కావాలి.

మిశ్రమానికి ఒక ఇబ్బంది కూడా ఉంది. ఒకే ఉష్ణోగ్రత దగ్గర మరగదు. తేలికైన ప్రొపేన్ ముందుగా, ఐసోబ్యూటేన్ తర్వాత ఆవిరవుతాయి. లీకైతే రెండూ ఒకే పాళ్లలో పోవు, కాబట్టి మిగిలిన మిశ్రమం మారిపోతుంది. అందుకే తర్వాతి కాలంలో కర్మాగారాలు ఐసోబ్యూటేన్ ఒక్కదానికే మారాయి. ఆర్-600ఎ అనేది దాని పేరు. దానికి కొంచెం పెద్ద సిలిండర్ ఉన్న కంప్రెసర్ కావాలి. బదులుగా పీడనం తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది, కరెంటూ ఆదా అవుతుంది. మిశ్రమం మాత్రం పాత ఆర్-12 ఫ్రిజ్‌లను బాగుచేసి మళ్లీ నడిపించే పనిలో మిగిలింది.

వంటింట్లో బాంబా?

జులై సమావేశం తర్వాత గ్రీన్‌పీస్ జనం ముందుకే వెళ్లి, ఇంకా మార్కెట్‌లోకి రాని ఫ్రిజ్‌కు ముందస్తు ఆర్డర్లు అడిగింది. కొన్ని వారాల్లోనే సుమారు 70 వేలు వచ్చాయి. మూసేద్దామన్న ట్రాయ్‌హాండ్ మనసు మార్చుకుంది. కంపెనీ ఫోరాన్ అనే కొత్త పేరు పెట్టుకుంది. పెద్ద కంపెనీలు ఊరుకోలేదు. ఇది వంటింట్లో బాంబు లాంటిదని దుకాణదారులను హెచ్చరించాయి.

ఆ భయంలో నిజమెంతో లెక్క వేసి చూద్దాం. ఇంటి ఫ్రిజ్‌లో ఉండే ఐసోబ్యూటేన్ 50 గ్రాముల చుట్టూ ఉంటుంది. మన ఇంట్లోని గ్యాస్ సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు, అంటే 280 రెట్లకు పైనే. 50 గ్రాములు మొత్తం కారిపోతే సుమారు 20 లీటర్ల వాయువవుతుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న వంటింట్లో సుమారు 28 వేల లీటర్ల గాలి ఉంటుంది. అంతా కలిస్తే ఐసోబ్యూటేన్ వాటా 0.1 శాతం కూడా కాదు. అది అంటుకోవాలంటే గాల్లో కనీసం 1.8 శాతం ఉండాలి. కాబట్టి గది మొత్తం పేలిపోతుందన్న మాట నిలబడదు. కానీ ఆ వాయువు మూసి ఉన్న ఫ్రిజ్ లోపలే కారితే 200 లీటర్ల పెట్టెలో 1.8 శాతం దాటడం కష్టం కాదు. అప్పుడు లోపలి స్విచ్చిలో చిన్న నిప్పురవ్వ చాలు. ఇంజినీర్లు దీనికీ దారి చూశారు. నిప్పురవ్వ పుట్టించే థర్మోస్టాట్, దీపం స్విచ్చి వంటి వాటిని బయటకు మార్చడమో, గాలి చొరబడకుండా మూసేయడమో చేశారు. లోపలివైపు అతుకులు తగ్గించారు. ఇంటి ఫ్రిజ్‌లో మండే వాయువు 150 గ్రాములు దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 1920ల నాటి భయానికి కారణమైన కారే యంత్రాలు పోయి, మోటారూ కంప్రెసరూ ఒకే ఉక్కు తొడుగులో సీలు చేసి రావడం అప్పటికి దశాబ్దాలుగా జరుగుతున్నదే. లోకం దృష్టిలో మాత్రం పాత భయం అలాగే మిగిలిపోయింది.

1993 ఫిబ్రవరిలో కొలోన్‌లో జరిగిన గృహోపకరణాల ప్రదర్శనలో, అంతకుముందు హెచ్చరించిన జర్మన్ కంపెనీలే తమ హైడ్రోకార్బన్ నమూనాలను తెచ్చి పెట్టాయి. 1993 మార్చిలో ‘గ్రీన్‌ఫ్రీజ్’ అని పేరుపడ్డ ఆ ఫ్రిజ్‌లలో తొలిది ఫోరాన్ అసెంబ్లీ లైన్ నుంచి బయటకు వచ్చింది. ఒకటి రెండేళ్లలో జర్మన్ మార్కెట్ దాదాపుగా ఆ వైపు తిరిగింది. గ్రీన్‌పీస్ ఈ పరిజ్ఞానాన్ని ఎవరికీ అమ్మలేదు, పేటెంట్ తీసుకోలేదు. కావలసినవాళ్లు తీసుకోవచ్చని వదిలేసింది. ఐరోపా నుంచి చైనాకు, లాటిన్ అమెరికాకు ఇది వేగంగా పాకడానికి కారణం అదే. 1997లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం గ్రీన్‌పీస్‌కు ఓజోన్ అవార్డు ఇచ్చింది. ఫోరాన్ మాత్రం పెద్ద కంపెనీల పోటీకి తట్టుకోలేక 1996లో దివాలా తీసింది.

మన దేశానికి వచ్చిన దారి

మాంట్రియల్ ఒప్పందంలో చేరడానికి మన దేశం మొదట వెనుకాడింది. ఓజోన్‌ను పాడుచేసింది సంపన్న దేశాలు, మారడానికి అయ్యే ఖర్చు మనమెందుకు భరించాలన్నది భారత్, చైనాల ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న. 1990లో లండన్‌లో జరిగిన సమావేశంలో వర్ధమాన దేశాల కోసం నిధి ఏర్పాటుకు అంగీకారం కుదిరింది. 1992లో భారత్ ఒప్పందంలో చేరింది.

అప్పటికి తెలుగు ఇళ్లలో ఆల్విన్ ఫ్రిజ్ అంటే ఇంటి గౌరవం. హైదరాబాద్ సనత్‌నగర్‌లో పుట్టిన ఆ సంస్థ ఫ్రిజ్‌లతో పాటు బస్సు బాడీలు, గడియారాలు చేసేది. హైదరాబాద్‌లో ఆల్విన్ కాలనీ, ఆల్విన్ చౌరస్తా పేర్లలో దాని గుర్తు ఇంకా ఉంది. ఆ ఫ్రిజ్‌లు ఆర్-12 తరానివి. 1990ల మధ్యలో ఆల్విన్ ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్ చేతికి వెళ్లింది. అదే దశాబ్దంలో స్విట్జర్లాండ్, జర్మనీ ప్రభుత్వాల సాయంతో నడిచిన ‘ఎకోఫ్రిజ్’ ప్రాజెక్టులో ఢిల్లీ ఐఐటీ, గోద్రెజ్, వోల్టాస్ కలిసి పనిచేశాయి. కొలోన్‌లో నడిచింది మన 45 డిగ్రీల ఎండలో, ఎగిసిపడే వోల్టేజీలో నడుస్తుందా అన్నది వాళ్లు తేల్చవలసిన ప్రశ్న. ఫ్రిజ్ గోడల్లో ఉండే నురుగు సంగతీ ఉంది. ఆ నురుగును ఉబ్బించడానికి కూడా అప్పట్లో సీఎఫ్‌సీలే వాడేవారు. దాని స్థానంలో సైక్లోపెంటేన్ వచ్చింది. 2001లో గోద్రెజ్, సీఎఫ్‌సీ గానీ హెచ్‌ఎఫ్‌సీ గానీ లేని హైడ్రోకార్బన్ ఫ్రిజ్‌లను దేశంలో మొదటగా మార్కెట్‌లోకి తెచ్చింది. మిగతా కంపెనీలు చాలా ఏళ్లు హెచ్‌ఎఫ్‌సీ-134ఎ తోనే సాగి, తర్వాత ఐసోబ్యూటేన్ బాట పట్టాయి.

ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది మెకానిక్‌ల భాగం. ఐరోపాలో ఫ్రిజ్ పాడైతే పారేస్తారు. మన దగ్గర వీధి చివరి మెకానిక్ బాగుచేస్తాడు. గ్యాస్ పోతే మళ్లీ ఎక్కిస్తాడు. మండే గ్యాస్ ఉన్న గొట్టం దగ్గర అలవాటుగా బ్లోటార్చ్ వెలిగిస్తే ప్రమాదం ఆయనకే. అందుకే స్విస్ సాయంతో ‘హైడెకార్’ పేరుతో చిన్న దుకాణాల మెకానిక్‌లకు శిక్షణ మొదలైంది. ఆ తర్వాత సీఎఫ్‌సీల వాడకాన్ని నిలిపివేసే జాతీయ ప్రణాళిక ఆ శిక్షణను కొనసాగించింది. పాత ఆర్-12 ఫ్రిజ్‌లో ప్రొపేన్, ఐసోబ్యూటేన్ మిశ్రమం ఎలా నింపాలో, ఎక్కడ నిప్పు వాడకూడదో అక్కడ నేర్పారు. మన దేశం సీఎఫ్‌సీల తయారీని గడువుకు ముందే, 2008 ఆగస్టులో ఆపేసింది. ఆ విజయంలో శాస్త్రవేత్తలకు ఎంత వాటా ఉందో, ఆ మెకానిక్‌లకూ అంత ఉంది.

ఫ్రిజ్‌ను ఇంటింటికీ చేర్చిన అమెరికా మాత్రం ఆలస్యంగా మేలుకుంది. ఇంటి ఫ్రిజ్‌లలో ఐసోబ్యూటేన్‌కు అక్కడ అనుమతి వచ్చింది 2011 డిసెంబరులో, అదీ 57 గ్రాముల పరిమితితో. ఆ పరిమితి 2018లో 150 గ్రాములైంది. ఐరోపా సమాఖ్య 2015 నుంచి కొత్త ఇంటి ఫ్రిజ్‌లలో హెచ్‌ఎఫ్‌సీ-134ఎ లాంటి వాయువులను నిషేధించింది. 2016 అక్టోబరులో రువాండా రాజధాని కిగాలీలో, మాంట్రియల్ ఒప్పందాన్ని సవరించి హెచ్‌ఎఫ్‌సీలను కూడా తగ్గించాలని దేశాలన్నీ ఒప్పుకున్నాయి. 2021లో భారత్ ఆ సవరణను ఆమోదించింది. 2047 నాటికి మన హెచ్‌ఎఫ్‌సీ వాడకం 85 శాతం తగ్గాలి. షార్ఫెన్‌స్టైన్ పట్టిన దారి పాతికేళ్ల తర్వాత అంతర్జాతీయ చట్టమైంది.

ఈ చరిత్ర నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. కొత్తది, ఖరీదైనది, పేటెంట్ ఉన్నది కాబట్టి మంచిదనుకోవడం పొరపాటు. ప్రకృతిలో ఉన్న చవకైన వాయువును, దాని దోషంతో సహా అర్థం చేసుకుని, ఆ దోషాన్ని యంత్ర నిర్మాణంతో అదుపు చేయడమే అసలైన పరిష్కారమైంది. ఇప్పుడు ఏసీల వంతు. ప్రొపేన్‌తో నడిచే ఏసీలు మన దేశంలోనే తయారయ్యాయి గానీ ఇంకా కొద్దిమంది ఇళ్లకే చేరాయి. ఎండలు ఏటా ముదురుతున్న తెలుగు రాష్ట్రాలకు ఆ ప్రశ్న ఫ్రిజ్ కన్నా పెద్దది.

పాఠకులు చేయగలిగినవీ ఉన్నాయి. మీ ఫ్రిజ్ వెనక కంప్రెసర్ దగ్గరుండే లేబుల్ చదవండి. ఆర్-600ఎ అని ఉంటే అందులో మండే వాయువుందని గుర్తుంచుకోండి. వంటగ్యాస్‌లా దానికి వాసన కలపరు కాబట్టి లీకైతే ముక్కుకు తెలియదు. ఫ్రిజ్ వెనక గాలి ఆడనివ్వండి. మంచు గడ్డలను కత్తితో పొడిచి గొట్టానికి చిల్లు పెట్టకండి. గ్యాస్ పోతే ఆ పని నేర్చుకున్న మెకానిక్‌నే పిలవండి. ఆర్-134ఎ (హెచ్‌ఎఫ్‌సీ-134ఎ) గానీ, సిలిండర్‌లోని వంటగ్యాస్ గానీ అందులో నింపుతానంటే ఒప్పుకోకండి. కొత్తది కొనేటప్పుడు స్టార్ల లెక్కతో పాటు అందులో ఏ గ్యాస్ ఉందో కూడా అడగండి. దుకాణంలో ఆ ప్రశ్న పదిమంది అడిగితే తయారీదారు దాకా వెళ్తుంది. జర్మనీలో మార్పు మొదలైంది కొనుగోలుదారులు ఇచ్చిన ఆర్డర్లతోనే.